బెట్టకాలంలో లూసర్న్: విత్తడం, కోయడం, ఎండబెట్టడం

సాగుకాలంలో వానలు ముఖం చాటేసి, నేల పైపొర పొడిబారి, పైరు వాడుముఖం పట్టే రోజులను తెలుగు రైతులు బెట్ట అంటారు. గింజ పాలుపోసుకునే దశలో ఉన్న ధాన్యపు పైరుకు బెట్ట అంటే నష్టమే గాని, పశువుల మేత కోసం పెంచే లూసర్న్ విషయంలో దాని ఫలితాన్ని అంత సులభంగా తేల్చిచెప్పలేము. కొత్తగా విత్తిన మడిలో మొలకను మాడ్చివేసే బెట్టే, పక్కనున్న ముదురు మడిలో కోసిన మేతను పచ్చదనం చెడకుండా ఎండబెట్టి, ఏడాదంతా నిల్వ ఉండే మేలైన ఎండుగడ్డిగా మార్చగలదు. నేల పైపొరలోని తేమ, గాలిలోని తేమ, కోసిన కాండంలోని తేమ, వేరులో దాగిన ఆహారం అనే నాలుగూ వేర్వేరు లెక్కలు కావడమే ఈ తేడాకు కారణం. వీటిలో ఏ లెక్క ఏ పనికి వర్తిస్తుందో తెలిసిన రైతుకు బెట్ట అర్థమవుతుంది, తెలియనివారికి అది అదృష్టంగానో దురదృష్టంగానో మాత్రమే మిగిలిపోతుంది. పాడికి పేరుపొందిన విస్కాన్సిన్, మిన్నెసోటా వంటి ఉత్తర అమెరికా రాష్ట్రాలలో వేసవి ముగిసి చలి మొదలయ్యే ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఈ లెక్కలన్నింటినీ ఒకేసారి రైతు ముందుంచుతాయి కాబట్టి, ఈ అధ్యాయంలో పరిశీలన ప్రధానంగా ఆ ప్రాంతాన్ని ఆధారం చేసుకుని సాగుతుంది.

వేరు లోతు, మొక్క ఓర్పు

అమెరికాలో అల్ఫాల్ఫా అని పిలిచే లూసర్న్ శాస్త్రీయ నామం మెడికాగో సటైవా. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క, అంటే ఒకసారి విత్తితే కోసిన ప్రతిసారీ మొదలు నుంచి మళ్లీ చిగురిస్తూ కొన్ని ఏళ్లపాటు మేతనిచ్చే మొక్క. ఇరాన్, కాకసస్, మధ్య ఆసియా ప్రాంతాలు దీని పుట్టినిల్లు. పొడి వేసవులూ గడ్డకట్టించే చలికాలాలూ వంతులవారీగా వచ్చే ఆ నేలలలో బతికిన మొక్క కాబట్టి, అననుకూల కాలంలో పైభాగాన్ని వదులుకొని వేరును, మొదలును కాపాడుకునే గుణం దీనికి పుట్టుకతోనే వచ్చింది. అడ్డులేని లోతైన నేలలో దీని తల్లివేరు 2 నుంచి 3 మీటర్లు సులభంగా దిగుతుంది. అనుకూలమైన చోట 6 మీటర్లకు మించి దిగిన సందర్భాలూ ఉన్నాయి. వేళ్ల మీది బుడిపెలలో నివసించే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపంలోకి మార్చి ఇవ్వడం వల్ల, లూసర్న్ పైరుకు నత్రజని ఎరువుతో సాధారణంగా పనిలేదు.

బెట్టకు తట్టుకుంటుందని పేరున్నంత మాత్రాన లూసర్న్ తక్కువ నీటితో పెరుగుతుందని అనుకోవడం పొరపాటు. ఒక ఎకరంలో ఒక టన్ను ఎండుమేత తయారు కావడానికి ఈ పైరు సుమారు 5 అంగుళాల వాన కురిసినంత నీటిని వాడుకుంటుంది. దాని ఓర్పు రెండు కారణాల వల్ల వచ్చింది: ఒకటి, ఇతర పైర్ల వేళ్లకు అందని లోతు నుంచి నీటిని తోడుకోగలగడం, రెండు, ఆ నీరు కూడా అందనప్పుడు చావకుండా పెరుగుదలను నిలిపివేసి నిద్రాణస్థితిలోకి వెళ్లగలగడం. ఈ రెండు శక్తులూ స్థిరపడిన మొక్కకే ఉంటాయి గాని నిన్న మొలిచిన మొక్కకు ఉండవు. కాలం చివరి బెట్టలో విత్తడం కష్టంగానూ, కోయడం సులభంగానూ కనిపించడానికి మూలం ఇదే.

చలిని తట్టుకునే గుణం అమెరికా ఉత్తర రాష్ట్రాలకు చేరిన తీరు కూడా తెలుసుకోదగినది. జర్మనీలోని బాడెన్ ప్రాంతం నుంచి 1857లో మిన్నెసోటాకు వలస వెళ్లిన వెండెలిన్ గ్రిమ్ అనే రైతు తనతో తెచ్చుకున్న లూసర్న్ విత్తనాన్ని అక్కడ విత్తగా, తొలి చలికాలాలలో చాలా మొక్కలు చనిపోయాయి. ఆయన నిరాశపడక, బతికిన మొక్కల నుంచే విత్తనం తీసి ఏటేటా మళ్లీ విత్తుతూ పోయాడు. ఊదా పూల లూసర్న్‌లో చలికి ఓర్చే పసుపు పూల జాతి లక్షణాలు కొన్ని కలిసి ఉండడం వల్ల ఆ ఎంపిక ఫలించి, గ్రిమ్ లూసర్న్ అనే పేరుతో ఉత్తర అమెరికా పాడికి పునాది అయింది. శాస్త్రజ్ఞులు దాని విలువను గుర్తించేనాటికి అది ఒక రైతు చేతిలో దశాబ్దాల పరీక్షకు నిలిచి ఉంది.

వేసవి చివర విత్తడంలోని తర్కం

ఉత్తర రాష్ట్రాలలో లూసర్న్‌ను విత్తడానికి రెండు అదనులు ఉన్నాయి. వసంతంలో, అంటే ఏప్రిల్, మే నెలలలో, నేలలో తేమ పుష్కలంగా ఉంటుంది గాని కలుపు కూడా అంతే జోరుగా మొలుస్తుంది. గోధుమ, ఓట్స్ వంటి పైర్లు కోతకు వచ్చి పొలం ఖాళీ అయ్యాక ఆగస్టులో విత్తితే కలుపు బెడద తగ్గుతుంది. ఆ తరువాత మొలిచే ఏకవార్షిక కలుపు మొక్కలను తొలి గడ్డకట్టే మంచే చంపేస్తుంది. మరుసటి ఏడాది వసంతం నుంచే పూర్తి దిగుబడి చేతికొస్తుంది. ఇన్ని లాభాలున్న ఈ అదనుకు ఉన్న పెద్ద లోపం బెట్ట.

ఆగస్టు దాటితే ఎందుకు విత్తకూడదు అనే ప్రశ్నకు సమాధానం మొక్క నిర్మాణంలో ఉంది. మొలకెత్తిన కొద్ది రోజులకే లూసర్న్ మొక్కలో బీజదళాల కింద ఉన్న లేత కాండభాగం అడ్డంగా లావెక్కుతూ నిలువుగా పొట్టిబడడం మొదలుపెడుతుంది. ఆ సంకోచం వల్ల బీజదళాలు అంటుకొని ఉన్న కణుపు మెల్లగా నేలమట్టానికి దిగువకు లాగబడుతుంది. భవిష్యత్తులో చిగుళ్లన్నీ పుట్టవలసిన మొదలు ఈ కణుపుల నుంచే ఏర్పడుతుంది కాబట్టి, అది మట్టి కప్పు కిందకు చేరితేనే చలికాలంలో బతుకుతుంది. ఈ మార్పుకు తగినంత వ్యవధి కావాలి. అందుకే మొలిచిన నాటి నుంచి పైరును చంపే స్థాయి మంచు పడే వరకు కనీసం 6 నుంచి 8 వారాల పెరుగుదల ఉండాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. లెక్క మొదలయ్యేది విత్తిన రోజు నుంచి కాదు, మొలిచిన రోజు నుంచి. పొడి మట్టిలో మూడు వారాలు మొలవకుండా పడి ఉన్న గింజ, ఆగస్టు మొదట్లో విత్తినదైనా, ఆగస్టు చివర విత్తినదాని కిందే లెక్క.

పదును ఉన్నదా లేదా

వెయ్యి లూసర్న్ గింజలు కలిపి తూచినా సుమారు 2 గ్రాములే ఉంటాయి. ఇంత చిన్న గింజలో మొలకను పైకి నెట్టడానికి దాచుకున్న ఆహారం చాలా తక్కువ కాబట్టి దానిని 6 నుంచి 12 మిల్లీమీటర్ల లోతుకు మించి విత్తకూడదు. ఇసుక నేలలలో మాత్రం కాస్త లోతుగా వేయవచ్చు. బెట్టలో మొదట ఎండేది సరిగ్గా ఆ పైపొరే. పైగా మొక్కజొన్న గింజ తన బరువులో మూడోవంతు నీటిని పీల్చుకుంటే మొలకెత్తగలదు గాని, లూసర్న్ గింజకు తన బరువు కంటే ఎక్కువ, అంటే సుమారు 125 శాతం నీరు కావాలి. పదును, అంటే నేలలోని తేమ, కోసం లోతుగా విత్తితే మొలక పైకి రాలేదు, పైన విత్తితే పదును అందదు. ఈ ఇరకాటంలోనే వేసవి చివరి విత్తనం ఓడిపోతుంది.

పూర్తిగా పొడి అయిన మట్టి కంటే అరకొర తేమ ఉన్న మట్టి విత్తనానికి ప్రమాదకరం. పొడి మట్టిలోని గింజ నిద్రలోనే ఉండి వాన కోసం కాచుకోగలదు. ఒక చిన్న జల్లు పడి గింజ ఉబ్బి వేరు మొలక బయటపెట్టాక మళ్లీ ఎండ కాస్తే, తిరిగి నిద్రలోకి వెళ్లే దారి దానికి ఉండదు. అందుకే పైపొరలో సరిపడా పదును ఉన్నప్పుడో, మంచి వాన ఖాయమనిపించినప్పుడో, నీటి పారుదల వసతి ఉన్నప్పుడో మాత్రమే విత్తాలని, అదను దాటిపోతుంటే విత్తనాన్ని సంచిలోనే ఉంచి వసంతం వరకు ఆగడం మేలని అనుభవజ్ఞులు సూచిస్తారు. ఎకరాకు 5 నుంచి 7 కిలోల ఖరీదైన విత్తనం నేలపాలు కావడం కంటే ఒక ఋతువు ఆలస్యం చిన్న నష్టం.

ఉన్న పదునును కాపాడుకోవడంలో రైతు చేతిలో ఉన్నది చాలా ఉంది. మళ్లీ మళ్లీ దున్నిన ప్రతిసారీ అడుగు తేమ పైకి వచ్చి ఆవిరైపోతుంది కాబట్టి దుక్కి తగ్గించాలి, లేదా కోసిన గోధుమ మొదళ్ల మధ్యనే దున్నకుండా విత్తే యంత్రంతో విత్తాలి. దున్నిన నేలను బరువైన రోలరుతో అణచి గట్టిపరచాలి. మనిషి నడిచినప్పుడు అడుగు అర అంగుళానికి మించి దిగకపోతే నేల తగినంత గట్టిగా ఉన్నట్లు. వదులు మట్టిలో గింజ చుట్టూ గాలి సందులు ఉండి అడుగు తేమ దానికి అందదు. అణచిన మట్టిలో రేణువుల మధ్య సన్నని సందుల గుండా నీరు కిందినుంచి పైకి పాకి గింజను చేరుతుంది. రాలిన గోధుమ, ఓట్స్ గింజలు మొలిచి ఉన్న కాస్త తేమనూ పంచుకుంటాయి గనుక వాటిని ముందే తొలగించాలి.

విత్తే చోటు ఎంపికలో మరొక నియమం ఉంది. ముదురు లూసర్న్ మొక్కల నుంచి నేలలోకి చేరే కొన్ని రసాయనాలు అదే జాతి లేత మొలకల వేళ్లను ఎదగనివ్వవు. స్వీయ విషప్రభావం అనే ఈ లక్షణం వల్ల పాత లూసర్న్ మడిని దున్నిన వెంటనే మళ్లీ లూసర్న్ వేస్తే మొక్కలు కుదురుకోవు. ఇవి నీటిలో కరిగే పదార్థాలు కాబట్టి వానలు వాటిని క్రమంగా కడిగేస్తాయి. బెట్ట ఏడాదిలో ఆ కడిగే నీరే ఉండదు. మధ్యలో కనీసం ఒక ఏడాది మొక్కజొన్న వంటి మరో పైరు వేయడమే క్షేమం. నేల ఆమ్లగుణం కూడా ముందే సరిచేయాలి: ఉదజని సూచిక సుమారు 6.5 కంటే తగ్గితే రైజోబియం సరిగా పనిచేయదు, వేసిన సున్నం నేలలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది.

బెట్టకు వాడిన పైరు

స్థిరపడిన మడిలో బెట్ట మరో రూపంలో కనిపిస్తుంది. నీరు తగ్గగానే మొక్క కణుపుల మధ్య దూరం తగ్గించి పొట్టిగా ఉండిపోతుంది, తొందరగా పూస్తుంది, కింది ఆకులను రాలుస్తుంది. దిగుబడి పడిపోయినా, సన్నని కాండం మీద ఆకుల పాలు ఎక్కువగా ఉంటే ఆ మేత పశువుకు బాగానే అరుగుతుంది. అయితే పసుపు రంగుకు మారిన ప్రతి మడినీ బెట్ట తగిలినదిగా భావించకూడదు. ఏటా వసంతంలో దక్షిణ రాష్ట్రాల నుంచి గాలివాటున ఉత్తరానికి వలస వచ్చే ఆకుపచ్చ దీపపు పురుగులు రసం పీల్చినప్పుడు ఆకు కొనభాగం ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో పసుపు బారుతుంది, మొక్క గిడసబారుతుంది. పొడి వాతావరణంలో ఈ పురుగు విజృంభిస్తుంది కాబట్టి రెండు లక్షణాలూ కలిసే కనిపించి, పురుగు చేసిన నష్టం బెట్ట ఖాతాలో పడిపోతుంది. ఆకులను దగ్గరగా చూసి తేడా తెలుసుకున్న రైతే తగిన చర్య తీసుకోగలడు.

చివరి కోత, వేరులోని నిల్వ

కోసిన ప్రతిసారీ లూసర్న్ ఆకులన్నింటినీ కోల్పోతుంది. కొత్త ఆకులు వచ్చి సొంతంగా ఆహారం తయారుచేసుకునే వరకు అది వేరులోను, మొదలులోను దాచిన పిండిపదార్థాల మీద, మాంసకృత్తుల మీద ఆధారపడుతుంది. రెండు మూడు వారాలు పెరిగాక నిల్వ మళ్లీ నిండడం మొదలై, పూత సమయానికి ఉచ్చస్థితికి చేరుతుంది. మొగ్గ దశ నుంచి తొలి పూత మధ్య, అంటే సుమారు 28 నుంచి 35 రోజులకు ఒకసారి కోయాలనే పద్ధతి మేత నాణ్యతకూ వేరు నిల్వకూ మధ్య కుదిర్చిన రాజీ.

చలి సమీపించే వేళ ఈ రాజీ తప్పితే మొక్కకే ప్రాణాపాయం. సెప్టెంబరు మధ్యలో కోస్తే మొక్క నిల్వను ఖర్చుచేసి చిగురిస్తుంది, ఆ ఖర్చు తిరిగి నిండకముందే మంచు పడుతుంది, ఖాళీ వేరుతో చలికాలంలోకి వెళ్లిన మొక్క వసంతానికి బతకడం కష్టం. పూర్వం దీనికి తేదీల నియమం ఉండేది. సెప్టెంబరు మొదటి వారం తరువాత కోయవద్దనేవారు. ఆ తరువాత కెనడా పరిశోధకులు ఉష్ణ ప్రమాణాల లెక్కను ముందుకు తెచ్చారు. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత నుంచి 5 డిగ్రీల సెల్సియస్ తీసివేస్తే మిగిలేది ఆ రోజు పెరుగుదలకు దక్కిన వేడి. సగటు 15 డిగ్రీలైతే ఆ రోజు ఖాతాలో 10 ప్రమాణాలు చేరతాయి. చివరి కోతకూ పైరును చంపే మంచుకూ మధ్య ఇటువంటివి 500 ప్రమాణాలు సమకూరితే నిల్వ నిండుతుంది. 200 కంటే తక్కువ మిగిలి ఉన్నంత ఆలస్యంగా కోస్తే మొక్క చిగురించదు కాబట్టి నిల్వ ఖర్చు కాదు. ఈ రెంటి మధ్యలో కోయడమే ప్రమాదం.

బెట్ట ఈ లెక్కను మరికాస్త కఠినం చేస్తుంది. వేడి ఉన్నా నీరు లేకపోతే మొక్క పెరగదు, నిల్వ నింపుకోదు. కాబట్టి మేత కొరతగా ఉన్న ఏడాదిలో చివరి కోతకు ఆశపడే ముందు ఆ ఏడాది పైరు ఒక్కసారైనా పూతకు వచ్చిందా అని చూసుకోవాలి. పొట్టిగా ఉండిపోయిన పైరులో కోత ఖర్చుకు సరిపడే మేత కూడా రానప్పుడు దానిని అలాగే వదిలేస్తే, నిలిచిన మొదళ్లు మంచును పట్టి ఉంచి వేళ్లకు దుప్పటిగా పనికొస్తాయి.

కోసిన మేత ఎండే తీరు

కోసిన మేతను ఎండబెట్టడానికి మాత్రం బెట్ట మిత్రుడే. కోసే సమయానికి లూసర్న్‌లో 75 నుంచి 80 శాతం నీరు ఉంటుంది. ఎండిన మేతను బేలుగా, అంటే బిగుతైన కట్టగా, కట్టేనాటికి అది 15 నుంచి 20 శాతానికి దిగాలి. ఈ తగ్గుదల మూడు దశలలో సాగుతుంది. మొదటి దశలో ఆకుల మీది పత్రరంధ్రాలు తెరిచే ఉంటాయి, వాటి గుండా నీరు వేగంగా పోతుంది. వెలుతురు తగ్గినా, ఆకు వాడిపోయినా అవి మూసుకుంటాయి. కోసిన మేతను ఇరుకు వరుసగా పోగు వేస్తే లోపలి ఆకులకు వెలుతురు అందక పత్రరంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి, వడియాలు పలచగా పరిచినట్లు కోసిన వెడల్పులో 70 శాతానికి తగ్గకుండా పరచాలి. కోసినా మొక్క కణాలు ఇంకా బతికే ఉండి, తేమ సుమారు 40 శాతానికి దిగే వరకు శ్వాసిస్తూ తమలోని చక్కెరలను తామే ఖర్చుచేసుకుంటాయి; ఈ విధంగా మేత పొడి బరువులో 2 నుంచి 8 శాతం పోతుంది. త్వరగా ఎండించడం అంటే ఈ ఖర్చును త్వరగా ఆపడమే.

రెండో దశలో కాండంలోని నీరు బయటపడాలి గాని దాని మీది మైనపు పొర అడ్డుపడుతుంది. కోత యంత్రంలోని రోలర్లు కాండాన్ని నలిపి చీల్చడం ఇందుకే. మూడో దశలో కణాలు గట్టిగా పట్టి ఉంచిన చివరి నీటిని పొడి గాలి లాగివేస్తుంది. సెప్టెంబరు నాటికి పగలు కురచబడి, సూర్యుడు వంగి, రాత్రి మంచు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి జూన్‌లో రెండు మూడు రోజులలో ఎండే మేతకు మరికొన్ని రోజులు పడతాయి. మధ్యలో పడిన వాన చక్కెరలను కడిగివేస్తుంది. బెట్ట ఉన్న ఏడాది చివరి కోత మేలుగా ఎండడానికి కారణం నేల పొడిగా ఉండి కింది నుంచి చెమ్మ రాకపోవడం, గాలి పొడిగా ఉండి పైనుంచి చెమ్మను లాగడం.

పొడి మితిమీరినా నష్టమే. లూసర్న్‌లో మాంసకృత్తులలో మూడింట రెండు వంతులకు పైగా ఆకులలోనే ఉంటాయి, ఆకులేమో కాండం కంటే ముందే ఎండుతాయి. మిట్టమధ్యాహ్నం పొడి గాలిలో యంత్రంతో పోగుచేస్తే ఆకు పెళుసుగా విరిగి నేలరాలుతుంది, బేలులోకి కాండమే చేరుతుంది. అందుకని తేమ 40 శాతానికి దగ్గరలో ఉన్నప్పుడో, ఉదయం మంచు తడి ఆకును మెత్తబరిచినప్పుడో పోగు వేస్తారు. పొడి వాతావరణం ఉన్న పడమటి రాష్ట్రాలలో రాత్రివేళ, మంచు కొద్దిగా పట్టాక బేళ్లు కడతారు. పగలంతా ఎండను కోరుకున్న రైతు ఆ చివరి గంటలో చెమ్మను కోరుకుంటాడు.

బేలులో మిగిలిన తేమ

తేమ 20 శాతానికి మించి ఉన్న మేతను బిగించి కడితే బూజులు, బాక్టీరియాలు పెరిగి వేడి పుట్టిస్తాయి. ఆ వేడిలో చక్కెరలు, మాంసకృత్తులు ఒకదానితో ఒకటి కలిసి గోధుమ రంగుకు మారి, పశువుకు అరగని రూపం పొందుతాయి. వేడి ఇంకా పెరిగితే నిప్పు తగలకుండానే మేత అంటుకుంటుంది. లోపలి వేడి 65 డిగ్రీల సెల్సియస్ దాటితే రోజూ గమనించాలి, 80 డిగ్రీలకు చేరితే అగ్నిప్రమాదం ముంచుకొచ్చినట్లే. చిన్న బేలు నుంచి తేమ బయటపడే దారి దగ్గర కాబట్టి దానికి 18 నుంచి 20 శాతం తేమ చెల్లుతుంది. పెద్ద చతురస్రపు బేలును 12 నుంచి 15 శాతం దగ్గరే కట్టాలి.

దక్కను నేలల్లో

తెలుగు రాష్ట్రాలలో లూసర్న్‌ను నీటి వసతి ఉన్న పాడి రైతులు రబీలో, అక్టోబరు, నవంబరు నెలలలో విత్తుతారు. చాలాచోట్ల వానలు వెనుదిరిగే ఆ వేళే ఇక్కడి కాలం చివరి పొడి వాతావరణానికి మొదలు. ఇక్కడ మొక్కను చంపే మంచు లేదు గనుక చివరి కోత గడువు అనే సమస్య ఉండదు. విత్తనంలో కలిసి వచ్చే బంగారుతీగ అనే పరాన్నజీవి మొక్క, వేసవి ఎండ, నీటి లభ్యత ఇక్కడి లెక్కలు. విత్తిన సుమారు 70 రోజులకు తొలి కోత, ఆ తరువాత 25 నుంచి 30 రోజులకొక కోత వస్తుంది. మేతను ఎక్కువగా పచ్చిగానే వేస్తారు. పచ్చి లూసర్న్ ఒక్కటే కడుపునిండా మేస్తే పశువుకు కడుపుబ్బరం వస్తుంది కాబట్టి వరిగడ్డితో కలిపి వేయడం మంచిది. 3, 4 శాతం మాత్రమే మాంసకృత్తులుండే వరిగడ్డికి ఆ లోటును తీర్చేది కూడా లూసర్నే.

ఎండబెట్టడంలోని సూత్రాలు మాత్రం ఇక్కడి రైతుకు కొత్తవి కావు. రాయలసీమలో వేరుశనగ కాయలు కొట్టాక మిగిలే కట్టెను వామి వేసి దాచుకునే రైతుకు, అది మరీ ఎండితే ఆకు రాలిపోతుందని, తడితో వామి వేస్తే బూజు పడుతుందని తరాల అనుభవం నేర్పింది. వేరుశనగ కూడా చిక్కుడు కుటుంబపు మొక్కే, దాని బలమూ ఆకులోనే ఉంది. కోత తరువాత నీడ తగలని చోట పలచగా పరచడం, ఉదయపు చెమ్మలో పోగు వేయడం, పూర్తిగా ఆరాకే వామి కట్టడం అనే మూడు నియమాలు యంత్రాలు లేని చిన్న కమతంలోనూ పాటించదగినవే. రబీ చివర మిగిలిన లూసర్న్‌ను ఈ పద్ధతిలో ఎండుమేతగా మార్చుకుంటే, పచ్చిమేత దొరకని మే నెలలో దాణా ఖర్చు తగ్గుతుంది.

బెట్టను ఆపడం ఎవరి తరమూ కాదు, కాని దానికి ఏ పనిని అప్పగించాలో ఎంచుకోవడం రైతు చేతిలో ఉంది. పైపొరలో పదును లేని నేలలో విత్తనాన్ని ఆపడం, వేరు నిల్వ నిండని పైరుపై కోతను ఆపడం, ఆకు పెళుసుబారిన గంటలో పోగును ఆపడం అనే మూడు నిగ్రహాలను పాటించినవారికి, ఆ పొడి రోజులే పైసా ఖర్చులేకుండా మేతను ఎండబెట్టి ఇస్తాయి.